కార్తీకంలో తగ్గని మంద

2024 జూలై 1, సోమవారం

ఆఫీసు డైరీ వేరే ఉంది. దానికి గస్తీ, లెక్క, సంతకం చాలు. ఇది నాకు.

ఇసకకొత్తూరు బీటులో చేరి వారమైంది. మా ఆయన మోహన్ ఫారెస్ట్ గార్డుగా ఉండగా పోయాడు, ఆ ఉద్యోగం నాకిచ్చారు. మూడేళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోశాక ఇప్పుడు బీటు ఇచ్చారు. చొక్కా మీద "దమయంతి" అని పేరుబిళ్ళ. చొక్కా భుజాల దగ్గర వదులు.

ఊరికీ సముద్రానికీ మధ్య వానాకాలం నీళ్ళు నిలిచే పెద్ద పచ్చిక బయలు. ఇక్కడ దీన్ని తంపర అంటారు. ఒక పక్క జీడితోటలు, ఒక పక్క సరుగుడు. నడుమ కృష్ణజింకలు. టెక్కలిలో మా పక్కింటావిడకి చెబితే, "మన జిల్లాలో జింకలేటి, ఊరుకోవమ్మా" అంది. నేనూ మొన్నటి వరకు అంతే.

వాచర్ పెంటయ్య నాకు చూపించాడు. అరవైకి దగ్గర మనిషి, రేవు వాడు. తిత్లీ తుపానుకి పడవ ముక్కలైపోయాక సముద్రం మానేసి ఈ పనిలోకి వచ్చాడు.

"మగోటిని ఇర్రంటాం, ఆడదాన్ని లేడంటామమ్మగోరూ. అదిగో, ఈపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు తాడు మెలేసినట్టు. అది పెద్దిర్రి. దాని యెనక కుంటి లేడి. అదంటే దానికి పేణం."

ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టి, తర్వాత చూసుకున్నాం. ఇద్దరికీ ముప్ఫై ఏడే వచ్చింది. నాకు పరీక్ష పాసైనట్టు అనిపించింది.

"నా సిన్నతనంలో ఈటిని లెక్కెట్టడం ఎవుడికీ సేతనయీది కాదు" అన్నాడు పెంటయ్య. "అన్నుండీవి."

జూలై 7, ఆదివారం

నా గది పెద్దింటి వెనక. ఇల్లు ఢిల్లీశ్వరరావు గారిది. ఒకప్పుడు సర్పంచ్‌గా చేశారు, కొబ్బరి, జీడితోటలు చాలా ఉన్నాయి. పిల్లలు లేరు. ఆయన భార్య గౌరీశ్వరి అక్క నాకంటే పదేళ్ళు పెద్దదేమో.

మధ్యాహ్నం అన్నంలో ఊరగాయ కలుపుకుంటుంటే క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"ఆదోరం పూట ఊరగాయేటి సెల్లీ? తీసీ ముందది."

"అక్కా, ఎందుకండీ ఇవన్నీ?"

"అండీ గిండీ అన్నావంటే ఎల్లిపోతాను. ఆయన కాశీబుగ్గ నుంచి మేకమాంసం తెప్పించినారు. తిను."

వడ్డించి వెళ్ళిపోతుందనుకున్నాను. చాప మీద కూర్చుంది. నేను తినడం అయ్యేదాకా కూర్చుంది. తన చెల్లెలు పురిట్లో పోయిందట. ఉంటే నా అంత ఉండేదట.

మోహన్ పోయాక నేను తింటుంటే పక్కన కూర్చున్న మనిషి లేరు. రెండోసారి అన్నం పెట్టుకున్నాను. మూడోసారి కూడా.

జూలై 16

ఫోన్ మోగింది. రీఛార్జ్ అయిపోతోందని చెప్పే రికార్డు గొంతు. చివరిదాకా విన్నాను.

ఆగస్టు 1, గురువారం

ముప్ఫై నాలుగు. మూడు తగ్గాయి. ఏవి లేవో పెంటయ్య పేరుపేరునా చెప్పాడు. అతనికి అన్నీ మనుషుల్లాగే గుర్తు.

"తంపర నిండా నీళ్ళు కదా, కాలవ దాటి అటువైపు పోయుంటాయి" అన్నాను.

"అటేపు రొయ్యల సెరువులమ్మా. ఏటి తింటాయి?"

అటువైపే పోయుంటాయి.

ఆగస్టు 4, ఆదివారం

అక్క క్యారేజీ తెచ్చింది. ఈసారి కూరలో కొవ్వు అసలు లేదు. పీచుపీచుగా, మిరియాల ఘాటుతో. ఏం వేసి వండావని అడిగితే, "మా అత్త నేర్పినాది, ఎవులికీ సెప్పను" అని నవ్వింది. నా జడ విప్పి నూనె రాసింది. జుట్టు ఊడిపోతోందని తిట్టింది.

ఈ వారం నన్ను తిట్టిన మనిషి అక్క ఒక్కతే. బాగుంది.

ఆగస్టు 19, సోమవారం

సరుగుడు తోపులో పెంటయ్య ఒక చోట ఇసక మెత్తగా ఉందని కర్రతో పొడిచాడు. జానెడు లోతులోనే డెక్కలు బయటపడ్డాయి. పన్నెండు. పేగులు. ఒక చిన్న తల, కొమ్ములు లేనిది. కళ్ళలో ఇసక.

కొంచెం అవతల కొమ్మకి ఒక వల పీలిక వేలాడుతోంది. పెంటయ్య దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"వల మా రేవుదే అయ్యుంటాది, పాతది. ముడి మాది కాదు. మావోడెవుడూ ఇలగ ముడెయ్యడు. కాలవకీ తోపుకీ మజ్జిన అడ్డంగా కట్టి, కుక్కల్ని తోలినారమ్మా. నీళ్ళల్లోకి దూకలేవు, ఇటు రాలేవు."

సెక్షన్ ఆఫీసర్ అవినాష్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఏదో మీటింగులో ఉన్నారు.

"ఊరకుక్కలేనా?" అన్నారు.

ఆయన అడిగారంతే. అలా రాయమని చెప్పలేదు. ఈ ముక్క ఇక్కడైనా సరిగ్గా రాసుకోవాలి.

"కుక్కలే సార్" అన్నాను.

కేసు రాస్తే ఊళ్ళో అందరినీ పిలవాలి, అడగాలి. చేరి రెండు నెలలు కాలేదు. ఉండాల్సింది ఈ ఊళ్ళోనే. ఇంటికొచ్చి రిపోర్టు రాసి పెంటయ్యకి చదివి వినిపించాను, సాక్షి సంతకం కోసం.

"కుక్క గొయ్యి తీసి, మళ్ళీ పూడ్సీత్తాదేటమ్మగోరూ?"

సంతకం మాత్రం పెట్టాడు.

సెప్టెంబరు 1, ఆదివారం

ముప్ఫై. కుంటి లేడి లేదు. పెద్ద ఇర్రి ఒక్కటే గట్టు మీద నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కూడా కదల్లేదు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. బాగా తిన్నాను.

సెప్టెంబరు 12

నాలుగు రోజులు జ్వరం. ఏమీ రాయలేదు. అక్క రెండు పూటలా వచ్చింది. ఎముకలు ఉడకబెట్టిన చారు గ్లాసుతో పట్టింది. "దీంట్లో బలముంటాది, కళ్ళు మూసుకుని తాగీ" అంది. కళ్ళు మూసుకుని తాగాను.

జ్వరంలో మోహన్‌ని పలాస డయాలసిస్‌కి తీసుకెళ్ళే బస్సు గుర్తొచ్చింది. వారానికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. కిటికీ పక్క సీటు ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు. రోగం తనకి, కిటికీ నాకు. ఏడిస్తే అక్క పైటతో తుడిచింది. నేనెందుకు ఏడుస్తున్నానో అడగలేదు.

సెప్టెంబరు 20, శుక్రవారం

ఈరోజు పెంటయ్య మీద అరిచాను.

గస్తీ మధ్యలో ఆగి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. "నాలుగు దినాల్నుంచి సెపుదామనుకుంటన్నాను. బాబుగోరి తోట గేటు కాడ జీపు సక్రాల జాడలున్నాయి. అక్కడినుంచి సరుగుడు తోపులోకి. తెల్లారగట్ల వొత్తన్నారు. బాబుగోరి సావాసగాళ్ళు, పలాసేపునించి. శనోరం వొత్తారు, ఆదోరం తినీసి ఎల్తారు."

"నువ్వు కళ్ళారా చూశావా?"

"జీపు సూసినాను."

"జింకని చంపడం చూశావా?"

"నేదు."

"మరి నోరు మూసుకో. ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుత్తందమ్మా. మీరున్న ఇల్లే."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు.

సాయంత్రం ఢిల్లీశ్వరరావు గారు వీధి అరుగు మీద ఉంటే, నేనే కదిపాను. జింకలు తగ్గుతున్నాయండీ, తోపులో వల పీలిక దొరికింది, ఎవరైనా వేటాడుతున్నారేమో అని. ఆయన నవ్వారు.

"వల దొరికిందన్నావు కదా సెల్లమ్మా. వలలెవరికాడుంటాయి, నాకాడా? ఆ పెంటయ్య తాగుతాడు. తాగినోడికి ఇంకో సీసా కావాల. నువ్వు ఆడపిల్లవి, ఒంటరిగా వాడెనక తోపుల్లో తిరగడం మాకు బాగోనేదు."

పెంటయ్య తాగుతాడు. ఊళ్ళో అందరికీ తెలుసు.

సెప్టెంబరు 21

ఆఫీసుకి కాగితం పెట్టాను. వాచర్ పెంటయ్య విధుల్లో మద్యం సేవిస్తున్నాడనీ, అతని ప్రవర్తన అనుమానాస్పదంగా ఉందనీ. మూడు లైన్లు.

సెప్టెంబరు 26, గురువారం

పెంటయ్యని పనిలోంచి తీసేశారు. పొద్దున గుమ్మం దగ్గరికి వచ్చి విజిలూ, దుర్భిణీ ఇచ్చేశాడు. అద్దాలు తుడిచి మరీ ఇచ్చాడు.

"పెద్దిర్రి ఈమద్దిన మందలో ఉండట్నేదమ్మగోరూ. ఒంటిగా తిరుగుతంది. దాన్ని లెక్కలో మర్సిపోకండి" అని వెళ్ళిపోయాడు.

అతని నోటి నుంచి సారా వాసన రాలేదు. ఇంతకుముందు కూడా ఎప్పుడూ రాలేదు.

అక్టోబరు 1

ఒక్కదాన్నే లెక్కపెట్టాను. ముప్ఫై మూడు! పెరిగాయి!

అక్టోబరు 2

ఇరవై ఆరు. నిన్న ఒక ఏడింటిని గట్టుకి ఇటువైపొకసారి, అటువైపొకసారి లెక్కపెట్టాను. ఆఫీసుకి ముప్ఫై మూడని పంపేశాను కూడా. సరిచేయాలి. రేపు.

అక్టోబరు 18

వాన. తంపర అంతా నీళ్ళు. జింకలన్నీ ఇసక దిబ్బ మీదకి ఎక్కి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇటువైపు నేను గొడుగు పట్టుకుని. రెండు గంటలు అలా చూస్తూ ఉండిపోయాను. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ కిందిదాకా చూసి, మళ్ళీ లోపల పెట్టేశాను.

నవంబరు 1, శుక్రవారం

ఇరవై రెండు. పెద్ద ఇర్రితో కలిపి.

నవంబరు 3, ఆదివారం

కార్తీకం మొదలైంది. పెద్దింట్లో నెల్లాళ్ళు నీచు ముట్టరు. అక్క తెల్లారకుండానే తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెడుతోంది. నా చేత కూడా పెట్టించింది. క్యారేజీలో ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. ఢిల్లీశ్వరరావు గారి స్నేహితులు కూడా రావడం లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

నవంబరు 15

ఇరవై రెండు. ఒక్కటీ తగ్గలేదు!

నవంబరు 24

గడ్డిలో లేడిపిల్ల. పుట్టి రెండు రోజులై ఉంటుంది. మెడ నేలకి ఆనించి, చెవులు వెనక్కి వేసి, రాయిలా పడుకుంది. అడుగు దూరం దాకా వెళ్ళేవరకు కనపడలేదు. తల్లి దూరం నుంచి నన్నే చూస్తోంది. వెనక్కి నడుచుకుంటూ వచ్చేశాను.

డిసెంబరు 1, ఆదివారం

పిల్లతో కలిపి ఇరవై మూడు. ఈ నెల కుక్కల బెడద పోయింది, అందుకే తగ్గలేదు. ఆఫీసు డైరీలో అలాగే రాశాను.

మధ్యాహ్నం అక్క వచ్చి కూర్చుంది. "నెల్లాళ్ళకి నాలిక సచ్చిపోనాది సెల్లీ. రేపు పోలిని సాగనంపీసినామంటే అయిపోనాది. వొచ్చీ ఆదోరం ఆయన సావాసగాళ్ళందరూ వొత్తారు. మంచి కూరొండుతాను, నువ్వు కూడా సాయం రా."

అలాగే అన్నాను. అన్నం దిగలేదు. పప్పు సరిగా ఉడకలేదేమో.

డిసెంబరు 8, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి తోటలోకి వెళ్ళాను. రెండు జీపులున్నాయి. పది పన్నెండు మంది మగవాళ్ళు చెట్ల కింద కుర్చీల్లో. అక్క పెద్ద గిన్నె ముందు కూర్చుని మసాలా నూరుతోంది. కొబ్బరి చాలదు, కొట్టులోంచి నాలుగు కాయలు పట్రా అంది.

కొబ్బరికాయలు పోసే కొట్టు తోట చివర ఉంది. లోపల చీకటి. తలుపు బార్లా తీశాను. కాయల గుట్ట పక్కన పీచు పరిచి ఉంది, పీచు మీద ఉప్పు. కాలికి తగిలి పీచు జరిగింది. కింద చర్మం. ఈపు నల్లగా, పొట్ట తెల్లగా. పెద్దిర్రి చర్మం అది. ఐదు నెలలుగా చూస్తున్నాను, నాకు తెలీదా? పక్కనే ఇంకో రెండు, గోధుమరంగువి. మూలన వలలు చుట్టలు చుట్టి ఉన్నాయి. గోడకి కొమ్ముల జతలు. నాలుగు.

ఫోను తీసి ఫోటోలు తీశాను. ఎందుకు తీశానో ఆ క్షణాన తెలీదు. చేతులు వాటంతటవే తీశాయి.

వెనక అక్క వచ్చి నిలబడింది.

"కాయలు దొరకనేదా?"

"అక్కా, ఇవేమిటి?"

చర్మాన్ని చూసింది, నన్ను చూసింది. కొంచెం కూడా భయపడలేదు. ఆశ్చర్యపోయింది, అంతే.

"అదేటే, నీకు తెల్దా?"

"ఏం తెలీదా?"

"నీకు తెలుసనే అనుకున్నాను. ఐదు నెలల్నుంచి తింటన్నావు. ఈ మాంసం తిన్నోల్లకి మేకమాంసానికీ దీనికీ తేడా తెల్దేటి? మేకని అనీది పైకి అనీమాట సెల్లీ. ఆయన అన్నారు, ఆఫీసరమ్మ మన మనిసైపోనాది, ఇంక బెంగనేదు అని."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నీకు పెట్టినాను. జొరమొత్తే తాగించినాను. తప్పేటి? అడివిలో ఉన్నాయి, తింటాం. మా మావగోరూ తిన్నారు, ఆళ్ళ బాబూ తిన్నాడు."

"అప్పుడు లెక్కలేనన్ని ఉండేవక్కా."

"ఇప్పుడెన్నున్నాయి?"

"నిన్నటికి ఇరవై మూడు."

ఆ సంఖ్య విని ఆమె ముఖం కొంచెం మారింది. ఒక్క క్షణం. తర్వాత కాయలు తనే తీసుకుంది.

తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. మధ్యాహ్నం గుమ్మం ముందు క్యారేజీ పెట్టి ఉంది.

డిసెంబరు 9

తంపరకి వెళ్ళలేదు.

డిసెంబరు 10

వెళ్ళలేదు. క్యారేజీ అలాగే ఉంది. చీమలు పట్టాయి.

ఈ పుస్తకం వెనక్కి తిప్పి చదివాను. కార్తీకం నెల్లాళ్ళూ లెక్క తగ్గలేదు. నా చేత్తో నేనే రాసుకున్నాను. పప్పు తిన్న నెల తగ్గలేదు, మాంసం తిన్న నెలల్లో తగ్గింది. తారీఖులతో సహా. ఇంకొకరెవరైనా చదివితే ఒక్క నిమిషంలో తెలిసిపోయేది.

డిసెంబరు 11, బుధవారం

అక్క తలుపు కొట్టింది. తియ్యలేదు. "సెల్లీ, ఒంట్లో బాగోనేదేటి?" అని మూడుసార్లు అడిగింది. నోటికి పైట అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. తలుపు తీస్తే నేను ఏ కాగితమూ రాయనని నాకు తెలుసు.

డిసెంబరు 12, గురువారం

లెక్క పంతొమ్మిది. లేడిపిల్ల ఉంది. తల్లి కనబడలేదు. పిల్ల ఇంకో లేడి వెనక పడుతోంది, అది కాలితో తోసేస్తోంది.

అక్కడినుంచి తిన్నగా రేవుకి నడిచాను. పెంటయ్య ఇంటి ముందు కూర్చుని ఎవరి వలనో బాగుచేస్తున్నాడు. భార్య నూకమ్మ చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. కుర్చీ కాదు కదా, పీట కూడా వెయ్యలేదు.

నిలబడే చెప్పాను. కొట్టు, చర్మాలు, పెద్ద ఇర్రి, కూర. నేను తిన్నానని కూడా. పెంటయ్య వల పక్కన పెట్టాడు. పెద్ద ఇర్రి మాట విన్నాక సముద్రం వైపు తిరిగాడు.

"నీ మీద నేను రాసింది అబద్ధం" అన్నాను. "నువ్వు తాగవని నాకు తెలుసు."

"మీరు రాసిన కాయితం నాను సదవనేదమ్మా. సదువు రాదు. మా యాడది ఎవులి సేతో సదివించుకున్నాది. దానికే ఎక్కువ బాదయ్యింది." లోపలి నుంచి గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు. "ఇప్పుడేటి సేత్తారు?"

"రేపు పెద్దాఫీసుకి వెళ్తాను. నువ్వు సాక్ష్యం చెబుతావా?"

"బాబుగోరి మీదా?"

"అవును."

నూకమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఎల్లు" అంది మొగుడితో. "ఆవిడ కోసం కాదు. నీ పేరు మీదున్న మకిలి పోవాల కదా. ఎల్లు."

నావైపు మాత్రం చూడలేదు.

డిసెంబరు 13, శుక్రవారం

పెద్దాఫీసరు గారు ఫోటోలన్నీ చూశారు. తెల్లకాగితం ముందు పెట్టారు. మూడు పేజీలు రాశాను. ఆగస్టు రిపోర్టు అబద్ధం, అక్టోబరు లెక్క తప్పు, పెంటయ్య మీద ఫిర్యాదు అబద్ధం, ఆ ఇంట్లో ఆ మాంసం తిన్నాను, డిసెంబరు ఎనిమిదిన మొదటిసారి నిజం తెలిసింది.

చదివి కళ్ళజోడు తీశారు. "తిన్నానని రాయనక్కర్లేదమ్మా. మీ ఉద్యోగానికే ఇబ్బంది."

"ఉండనివ్వండి సార్. కోర్టులో వాళ్ళ లాయరు అడుగుతాడు. ముందు నేనే చెప్పినట్టుంటుంది."

"మీకు ఎవరున్నారు?" అని అడిగారు. కేసు గురించి అనుకుని, "పెంటయ్య" అన్నాను. ఆయన అడిగింది అది కాదని మెట్లు దిగుతుంటే అర్థమైంది.

డిసెంబరు 14, శనివారం

పొద్దున ఏడింటికి మూడు బళ్ళలో వచ్చారు. కొట్టు తాళం తీయించారు. చర్మాలు ఇప్పుడు నాలుగు. ఫ్రిజ్‌లో మాంసం. వలలు, కొమ్ములు, ఒక తుపాకి. ఢిల్లీశ్వరరావు గారు లుంగీ మీదే ఉన్నారు. చొక్కా వేసుకుని వస్తానన్నారు, వేసుకోనిచ్చారు.

బండి ఎక్కుతూ నన్ను చూసి, "ఉప్పు తిన్నావు సెల్లమ్మా" అన్నారు. కోపంగా కూడా అనలేదు.

అక్క తులసికోట దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. ఊరంతా గుమిగూడి తిట్టింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 15, ఆదివారం

గది ఖాళీ చేశాను. ఆటో అతను ఊళ్ళోకి రానన్నాడు. రోడ్డు దాకా సామాను పెంటయ్య మోశాడు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు బట్టీ పైన గది దొరికింది. కింద జీడిపిక్కలు వేయించిన పొగ మెట్ల మీదుగా పైకే వస్తోంది. కళ్ళు మండుతున్నాయి.

డిసెంబరు 27

మెమో వచ్చింది. తప్పుడు నివేదికలకి సంజాయిషీ పదిహేను రోజుల్లో ఇవ్వాలి. సస్పెండ్ చేయవచ్చు, చేయకపోవచ్చు. అంతవరకు బీటు నాదే.

2025 జనవరి 6

ఆయనకి బెయిలొచ్చింది. ఊళ్ళోకి వస్తుంటే దండలు వేసి తీసుకెళ్ళారట.

పెంటయ్యని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాం. నాకూ పంతొమ్మిదే, అతనికీ పంతొమ్మిదే. పిల్ల బతికింది. ఎలా బతికిందో ఇద్దరికీ తెలీదు. ఎదిగిన ఇర్రి ఒక్కటీ లేదు. ఒక కుర్ర ఇర్రికి మాత్రం వీపు ఇప్పుడిప్పుడే నల్లబడుతోంది.

"మొగతోడు నేకపోతే మంద నిలబడదమ్మగోరూ. అది ఎదగడానికి ఇంకో ఏడాది కావాల" అన్నాడు పెంటయ్య.

తిరిగొస్తుంటే బోరింగు దగ్గర నీళ్ళు అడిగాను. బోరింగు కొడుతున్న ఆవిడ చెయ్యి ఆపేసి బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

జనవరి 19, ఆదివారం

కందిపప్పు వండుకున్నాను. మాంసం కొట్టు ముందు నుంచే వచ్చాను గానీ, అక్కడ ఆగబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

పలాస కోర్టు. నా వాంగ్మూలం తీసుకునే రోజు.

వరండాలో ఒకే పొడవాటి బల్ల. ఈ చివర నేను. కాసేపటికి ఆ చివర అక్క వచ్చి కూర్చుంది. ఆయన లాయరుతో మెట్ల దగ్గర ఉన్నారు. మా ఇద్దరి మధ్యా ఎవరూ కూర్చోలేదు. గంట గడిచింది. రైలు వెళ్ళినప్పుడల్లా బల్ల అదిరేది.

అక్క చిక్కిపోయింది. జుట్టు దువ్వుకోలేదు. ఎదురుగా గోడని చూస్తూనే అడిగింది.

"ఒకటడుగుతాను. అబద్దం సెప్పకు. ఆ కూరేటో నీకు ముందే తెలుసా, తెల్దా?"

డిసెంబరు ఎనిమిదినే తెలిసిందని మూడు పేజీల కింద సంతకం పెట్టి ఉంది. లోపల కూడా అదే చెప్పాలి. మా లాయరు పొద్దున రెండుసార్లు నా చేత చెప్పించాడు.

"తెలుసక్కా."

"ఎప్పుట్నుంచి?"

"ఫలానా రోజని చెప్పలేను. తెలుసుకోకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను."

"మరెందుకు తిన్నావు?"

"నేను తింటుంటే నువ్వు పక్కన కూర్చునేదానివి."

ఆమె పైట చెంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను లేచి దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలీక సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను.

"నానూ ఒక్కర్తినే తినలేకే తెచ్చీదాన్ని" అంది చివరికి. "ఆయన, సావాసగాళ్ళు తోటలో తినీసీవోరు. ఇంట్లో నానొక్కర్తిని."

అప్పుడే బంట్రోతు నా పేరు పిలిచాడు.

లోపల అడిగినవన్నీ చెప్పాను. చివర్లో, డిసెంబరు ఎనిమిది అనేది సరికాదు, అంతకుముందే నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను అన్నాను. మా లాయరు తల పట్టుకున్నాడు. వాళ్ళ లాయరు నవ్వుతూ ఏదో రాసుకున్నాడు. జడ్జి గారు రాత ఆపి నన్ను చూసి, "మళ్ళీ చెప్పండి, నిదానంగా" అన్నారు. నిదానంగా మళ్ళీ చెప్పాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలీదు. చర్మాలూ కొమ్ములూ తుపాకీ ఉన్నాయి కాబట్టి, నా మాట ఎలా ఉన్నా కేసు నిలబడుతుందని పెద్దాఫీసరు గారు తర్వాత అన్నారు.

బయటికొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. బస్సుకి ఇంకా టైముంది. ఆమె కూర్చున్న చివర కాసేపు కూర్చున్నాను.